నల్ల కొత్తిమీర ఆసామి

పోయిన శుక్రవారం పొద్దున్నే, చచ్చిపోయిన మనిషి దగ్గర్నుంచి నాకు ఫోన్ వచ్చింది.

స్టవ్ మీద పాలు పెట్టుకుని ఉన్నాను. ఫోన్ మోగితే తిరిగి చూద్దును కదా, తెర మీద ఆయన ఫోటో. తలకి మంకీ క్యాప్, దాని కింద నుంచి అటూ ఇటూ పొడుచుకొచ్చిన మీసం, భుజాన పార. ఆయన పోయి నెలలైంది. ఆ కంగారులో పాలు పొంగి స్టవ్వంతా పాడైంది, అది కడుక్కోవడానికి మళ్లీ నేనే.

ఎత్తితే ఆడగొంతు. "హలో... గోదావరి చెల్లెనా?"

మాది గోదావరి జిల్లా కదా, నన్నా పేరుతో పిలిచే మనిషి లోకంలో ఆయనొక్కడే. ఈవిడ ఆయన భార్య. కిందటి ఎండాకాలం ఆయన ఇక్కణ్నుంచి సెలవు మీద జగిత్యాల దగ్గర వాళ్ల ఊరికి వెళ్లి, గుండెపోటుతో అక్కడే పోయాడు. ఇన్నాళ్లూ ఆవిడ చేతిలో బటన్ ఫోనే ఉండేది. ఆయన పోయినప్పట్నుంచీ పెట్టెలో పడున్న ఫోన్ ఇప్పుడే బయటికి తీసిందట. పక్కింటి పిల్ల నంబర్ నొక్కి ఇచ్చిందట.

"ఫోన్ తెరిసి సూస్తె అంత గడ్డే ఉన్నది చెల్లె. నా ఫోటో ఒక్కటంటె ఒక్కటి లేదు. నల్లటి ఆకు, తెల్లటి పువ్వు. మళ్ల నల్లటి ఆకు, తెల్లటి పువ్వు. ఏందది? గాయినకు మతి గిట్ల తప్పిందా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. "అది గడ్డి కాదు వదినా. మీ ఆయన పెంచిన తోట. ఇప్పుడు పూత మీద ఉంది. వంట పని అవగానే సాయంత్రం వీడియో కాల్ చేసి చూపిస్తానండి" అన్నాను.

ఫోన్ పెట్టేశానే గానీ ఆ రోజంతా ఆయన నా బుర్రలోంచి దిగలేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా మేడం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నా మొహం చూసి, పెరుగు కలుపుకుంది.

మేముండేది జబల్ అఖ్దర్ మీద. ఒమన్ అంటే ఎండా ఇసుకా అనుకునేవాళ్లకి చెబితే నమ్మరు గానీ, ఈ కొండ మీద చలికాలంలో బకెట్లో నీళ్లు గడ్డకడతాయి. కొండని మెట్లు మెట్లుగా చెక్కి చేసిన పొలాలు, దానిమ్మలు, గులాబీలు, పైనుంచి కిందికి నీళ్లు తెచ్చే ఫలజ్ కాలువ. మేడం ఒమనీ ఆవిడే, పెద్దావిడ. వయసులో ఉన్నప్పుడు ఇంగ్లండులో చదువుకుంది. ఉద్యోగం చాలించుకున్నాక మస్కట్ వదిలి ఇక్కడికొచ్చేసింది. వంటిల్లు నాది, తోట ఆయనది. ముగ్గురం మాట్లాడుకునేది హిందీలో. ఆయన హిందీ వింటే హిందీవాళ్లు ఏమైపోతారో అనిపించేది, కానీ ఆయన మాత్రం అర్థం కాకపోవడం అవతలివాళ్ల తప్పన్నట్టే మాట్లాడేవాడు.

పోయినవాళ్ల గురించి చెప్పేటప్పుడు అందర్నీ దేవుళ్లని చేసేస్తారు. అందుకే ముందే చెప్పేస్తున్నాను, ఆయనకి వినయం అనేది బొత్తిగా లేదు. పొగడ్తకి పడి చచ్చే మనిషి. రెండు గులాబీలకి పాదు చేసినా సరే, వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడేవాడు.

"చెల్లె, జెర బయటికి రా."

"పొయ్యి మీద కూరుందండి అన్నయ్యగారూ."

"కూర యాడికి పోతది? రా."

చేతులు తుడుచుకుంటూ వెళ్లాలి, చూడాలి. "ఎట్లున్నది?" అనేవాడు. "బాగుందండి" అంటే సరిపోదు. "ఉత్త బాగనా, మస్తు బాగనా?" మస్తు అనేదాకా కదలనిచ్చేవాడు కాదు. మొదట్లో నా "గారు" విని విసుక్కున్నాడు. "గారు గీరు ఏంది? నేనేమన్న తాసిల్దారునా?" అన్నాడు. తర్వాత ఒకరోజు తొందరలో నేను ఒట్టి "అన్నా" అంటే మొహం ముడుచుకుని సాయంత్రం టీకి కూడా రాలేదు.

మేడం చెల్లెలి ఇల్లు మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో. ఎప్పుడైనా మమ్మల్నీ వెంట తీసుకెళ్లేది. ఆ ఊరి పొలిమేర రాగానే ఈయన కారు అద్దం దించేవాడు. తోటపనికి రాకముందు చాలాకాలం అక్కడి సైట్లలో సెంట్రింగ్ పని చేశాడులెండి.

"గదిగో, గది నేను కట్టిన. గా నీలం అద్దాలది సుత నేనే."

కాసేపయ్యేసరికి ఊరు సగం ఆయనదే అయ్యేది. "మరి అద్దెలు వసూలు చెయ్యరేంటండీ, ఈ చలికొండ మీద మాతో అగచాట్లేంటి?" అని నేను వెక్కిరించేదాన్ని.

"నవ్వు, మంచిగ నవ్వు. గా పిల్లర్లు సూడు, గీత గీసినట్టున్నయి. పనంటె కనబడాలె చెల్లె. సూసినోడు ఇది ఫలానోడు చేసిండని చెప్పాలె."

పనంటే కనబడాలి. ఈ మాట ఆయన రోజుకోసారైనా అనకపోతే అన్నం అరిగేది కాదు. తోటలో ఏం నాటినా ముందు రెండు పుల్లలు పాతి, మధ్యన తాడు కట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. వంకర లేదని తేలాకే పార ఎత్తేవాడు. ఆయన వేసిన ఉల్లినారు చూస్తే నిజంగా ముచ్చటేసేది. ఆ మాట మాత్రం పైకి అనేదాన్ని కాదు, అంటే ఇంక ఆ రోజుకి నాకు పని జరగదు.

శుక్రవారం ఆయన ఇంటికి ఫోన్ చేసేరోజు. సిగ్నల్ కోసం రాతిగోడ ఎక్కి కూర్చునేవాడు. వాళ్ల వైపు గల్ఫ్ ఏదైనా దుబాయే. అటునుంచి ఆవిడ "దుబాయ్ల గడ్డి పీకుడే గదా నీ పని" అన్నప్పుడల్లా, "దుబాయ్ గాదే, మస్కట్! గడ్డి గాదే, తోట!" అని కొండంతా వినబడేలా అరిచేవాడు. ఊళ్లో అందరూ అదే అంటున్నారని ఒకసారి నాతో చెప్పుకుని బాధపడ్డాడు. గల్ఫ్‌లో ఇంతకాలం ఉండి ఏం చేశావంటే చూపించడానికి ఏముంది, కట్టినవన్నీ వేరేవాళ్ల ఇళ్లాయె అన్నాడు.

అలాంటి మనిషి చేతిలో మేడం ఒక పొట్లం పెట్టింది.

లోపల సన్నగా, పొడుగ్గా, నల్లటి జీలకర్ర లాంటి గింజలు. ఇంగ్లండులో కౌ పార్స్లీ అంటారట, అందులో ఆకు నల్లగా ఉండే రకం. మేడం ఫోన్లో బొమ్మ చూపించింది. అచ్చం కొత్తిమీర ఆకే, కాకపోతే వంకాయ తొక్క రంగు. దాని మీద తెల్లటి గొడుగుల్లాంటి పూలు. ముందువైపు వాలు మీద ఇది పెంచాలి, కానీ ఎవరూ నాటినట్టు ఉండకూడదు, అడివిలో దానంతటదే మొలిచినట్టుండాలి అంది మేడం. ఈయన చివరి మాట విన్నట్టే లేడు. పొట్లం తెచ్చి నాకు చూపించాడు.

"ఆవు కొత్తిమీర అటండి" అన్నాను.

"ఆవా బర్రెనా, కొత్తిమీర జాతే గదా. నాకెర్కలేదా?"

అక్కడే వచ్చింది తంటా. మనవాళ్లు ధనియాలు ఎలా విత్తుతారు? నేల మీద పోసి, చెప్పుకాలితో రుద్ది, బద్దలు చేసి చల్లుతారు. ఈయన ఇంగ్లండు గింజలని కూడా అలాగే అరుగు మీద పోసి, చెప్పుతో రుద్ది, ఎండ ఇంకా తగ్గకముందే మడికట్టి పూటపూటకీ నీళ్లు పెట్టాడు. ఒక్కటి మొలిస్తే ఒట్టు. చలికాలం వెళ్లింది, వేసవి వచ్చింది, మడిలో గడ్డి తప్ప ఏం లేదు. వాళ్లావిడ మాటే నిజమయింది కదండీ అని నోటిదాకా వచ్చింది గానీ, ఆయన మొహం చూసి మింగేశాను.

మరుసటేడు మేడం మళ్లీ గింజలు తెప్పించి దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. రుద్దకూడదు, దీనికి చలి తగిలితేనే కన్ను తెరుస్తుంది, తడి ఇసుకలో కలిపి కొన్నాళ్లు ఫ్రిజ్‌లో పెట్టు అంది. ఫ్రిజ్ ఎవరిది? నాది. పెరుగు గిన్నె పక్కన మట్టి డబ్బా!

"నా ఫ్రిజ్‌లో మన్ను పెడితే ఊరుకోనండి, ఆయ్!" అన్నాను.

"ఆయ్!" అని నా రాగమే తీసి, డబ్బా లోపలికి తోసేశాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే గుమ్మంలో ప్రత్యక్షం. "మా పిల్లలు ఎట్లున్నరు?"

"చలికి వణికిపోతున్నారండి. స్వెట్టర్లు అల్లి పెట్టమంటారా?"

ఫ్రిజ్‌లోంచి తీసి ముందు వాలు మీద విత్తాక, ఈసారి మొలిచాయి. మొలిచాయి కదా అని మేడం పరిగెత్తుకుంటూ వచ్చి చూసి, నడుమ్మీద చేతులేసుకుని నిలబడిపోయింది. వాలు పొడుగునా తాడు కట్టి గీసినట్టు సాళ్లు! అటునుంచి చూసినా ఇటునుంచి చూసినా వరసే. ఈయనేమో మీసం దువ్వుకుంటూ, ఉత్త బాగనా మస్తు బాగనా అని అడగడానికి సిద్ధంగా ఉన్నాడు.

"ఇది జంగిల్‌లా ఉండాలన్నాను. నువ్వు పెరేడ్ చేయిస్తున్నావు" అంది మేడం.

పాపం, ఆ సాళ్లని చెదరగొట్టాలని ఒక్కొక్క మొక్కా తీసి అక్కడక్కడా నాటాడు. దాని వేరు ముల్లంగిలా లోపలికి దిగే రకం, కదిపితే బతకదు. వారం తిరిగేసరికి అన్నీ తలలు వాల్చేశాయి. వంటింటి గోడ పక్కన కదపకుండా వదిలేసిన కొసరు సాలు ఒక్కటే మిగిలింది.

మేడం మంచిదే, కేకలేయదు. కేకలేసినా బాగుండేది. "పర్వాలేదు, ఈ వాలు ఇంక మస్కట్ నుంచి వచ్చే కంపెనీ వాళ్లకి ఇచ్చేస్తాను. వాళ్లు నాటిపోతారు. నువ్వు నీళ్లు పెట్టుకో చాలు" అంది.

నువ్వు నీళ్లు పెట్టుకో చాలు. ఆ మాటకి ఆయన మీసం కిందికి దిగిపోవడం నా కళ్లతో చూశాను. ఆ సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"ఇగ నేను నీళ్లు పట్టెటోన్ని. తోట మంది పెట్టుడు, నేను పైపు పట్టుడు. దీనికన్న వీసా ఎగ్జిట్ కొట్టిచ్చుకొని ఇంటికి పోతె నయ్యం. కని పోయి ఏం చెప్పాలె? మా ఇంటామె అన్న మాటే నిజమాయె గద."

నాకు ఒళ్లు మండింది. "పోతే పొండి. ఇంటి వెనకాల బీడు వాలు ఊరికే పడుంది, అడిగి చూడకుండానే పారిపోతారా? ఇంతేనా మీ పౌరుషం?" అన్నాను.

గ్లాసు కింద పెట్టాడు. అలాగే లేచి వెళ్లి మేడం ఎదుట నిలబడి, వెనక చెలక నాకు వదిలెయ్యండి, అది కూడా కాకపోతే నేనే సంచి సర్దుకుంటా అని తన హిందీలో చెప్పాడు. మేడంకి ఎంత అర్థమయిందో గానీ సరేనంది. ఇక అదే ఆయన ఆఖరి పందెం. ముందు వాలు మీద కంపెనీ వాళ్లొచ్చి కుండీల్లోంచి ఏవో పొదలు దించి వెళ్లారు. ఈయన వాటికి నీళ్లు పెట్టాడు, పెడుతున్నంతసేపూ ఇంటి వెనక్కే చూశాడు.

వంటింటి గోడ పక్క కొసరు సాలు ఆ ఏడు ఆకు కట్టి, పైయేడు పూసింది. దాని వైఖరే అంత, మొదటేడు ఆకు, రెండో ఏడు పువ్వు. ఆ గింజలు నల్లబడగానే కోసి గుడ్డలో కట్టి దాచాడు. ఎండలు తగ్గి చలిగాలి తిరిగే ముందు ఒక పొద్దున నన్ను పిలిచాడు. వెనక వాలు దున్ని సిద్ధంగా ఉంది. తాడూ లేదు, పుల్లలూ లేవు. ఒక తట్టలో ఇసుక, ఇసుకలో గింజలు.

"తాడేదండీ?"

ఇసుకలో చెయ్యి పెట్టి కలుపుతూ కలుపుతూ చెప్పాడు.

"మా నాయిన నువ్వులు గిట్లనే ఇసుకల కలిపి చల్లెటోడు. మాకు సాళ్లల్ల విత్తనమేసె గొర్రు లేకుండె చెల్లె. ఊరోళ్లవి సాళ్లు సాళ్లుగ మొలుస్తుండె, మాది అడ్డదిడ్డం. 'మీ నాయిన విత్తిండా, కోళ్లకు గింజలేసిండా' అని నవ్వెటోళ్లు. నాకు సిగ్గనిపిస్తుండె. గందుకే తాడు కట్టుడు నేర్సిన. అడ్డదిడ్డంగ చల్లుడు సుత ఒక పనే అని ఇయ్యాల తెలిసింది. మా నాయిన చల్లితె యాడ వత్తుగ పడకపోతుండె, యాడ ఖాళీ ఉండకపోతుండె."

తువ్వాల నడుముకి బిగించి, తట్ట చంకన పెట్టుకుని, వాలు మీద అడ్డంగా నడిచాడు. అడుగుకోసారి మణికట్టు తిప్పి చిమ్మాడు. ఆ చెయ్యి తిరగడం నేనెప్పుడూ చూడలేదు. సెంట్రింగ్ కట్టిన చెయ్యి కాదది, ఎప్పుడో ఎవరి వెనకాలో నడుస్తూ నేర్చిన చెయ్యి. ఆ రోజు కూర మాడింది, నేను పట్టించుకోలేదు.

ఫ్రిజ్ అక్కర్లేకుండా కొండ చలే గింజలకి తగిలింది. చలి వెనకబట్టే వేళకి వాలంతా మొలకలు. సాలన్నది లేదు. రాళ్ల సందుల్లో గుంపుగా, కాలవ వైపు పలచగా, దానిమ్మల నీడలో చెదురుమదురుగా మొలిచాయి.

ఇక ఏరివేత. ఈ గింజల్లో కొన్ని నల్లవి పుడతాయి, కొన్ని మామూలు పచ్చవి. నాలుగాకులు వేసేదాకా రంగు తేలదు. ఈయన గొంతుక్కూర్చుని ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసేవాడు. పచ్చగా తేలితే పీకేయడమే. అన్నట్టు ఆయన బాగా నలుపు. పెళ్లిచూపుల్లో రంగు చూసి వద్దన్నవాళ్లు చాలామందేనట. వాళ్లావిడ తెలుపు, పెళ్లైన కొత్తలో "బొగ్గు" అని పిలిచేదని తనే నవ్వుతూ చెప్పాడు.

"సూసినవా చెల్లె, ఈడ నలుపుకే ఇజ్జత్. నన్ను వద్దన్నోళ్లందర్ని తీస్కచ్చి గీ గట్టు మీద కూసోబెట్టాలె."

"పచ్చగా పుట్టడం వాటి తప్పాండీ?" అని నేనంటే, పీకినవాటిని చూసి కాసేపు ఆలోచించి, "తప్పు గాదు. కని నా చెలకల కాదు" అన్నాడు. పీకినవి వండుకోవచ్చా అని కూడా అడిగాడు. కొత్తిమీరలా కనబడే విషపుమొక్కలు కూడా ఉంటాయి, ఎవరూ నోట్లో పెట్టొద్దని మేడం గట్టిగా చెప్పింది.

రంగు తిరిగాక ఆయనకి దిష్టి భయం పట్టుకుంది. ఒక పాత కుండ సంపాదించి, సున్నం బొట్లు పెట్టి, కళ్లు దిద్ది, దాని మీద ఏకంగా తన మీసమే వేసి, వాలు నడిమధ్య కర్రకి తగిలించాడు. అడివిలో కుండ ఏమిటయ్యా అని మేడం మొత్తుకుంది. చివరికి బేరం కుదిరి, పెద్ద దానిమ్మ వెనకాల, దగ్గరికెళ్తే తప్ప కనబడని చోటికి కుండ మారింది.

ఆ పైయేడు, అంటే ఆయన పోవడానికి ముందు వసంతంలో, అది పూసింది. నేను చెప్పలేను. నల్లటి ఆకు మీద పల్చటి తెల్లపూలు, గాలికి వాలంతా ఊగింది. మేడం పొద్దున్నే టీ కప్పు పట్టుకుని వెనక్కే వెళ్లేది. కంపెనీ వాళ్ల పొదలు ముందు వాలు మీద అలాగే ఉన్నాయి, వాటి మొహం చూసినవాళ్లు లేరు. మళ్లీ కంపెనీ మాట కూడా ఇంట్లో వినబడలేదు.

అప్పుడే మేడంతో ఇంగ్లండులో చదువుకున్న స్నేహితురాలు ఒకావిడ వచ్చింది. వెనక గుమ్మం దాటి ఒక్కసారి ఆగిపోయింది. నేను టీ తీసుకెళ్తున్నాను, ఈయన గట్టు కింద గడ్డి తీస్తున్నాడు. ఆవిడ మేడంతో ఇంగ్లీషులో ఏదో అంది. మేడం దగ్గర ఉండి ఉండి ఆ మాత్రం ఇంగ్లీషు నాకు అర్థమవుతుంది. ఈయన చెవులు రిక్కించాడు.

"ఏమంటున్నది?"

చెప్పాలా వద్దా అని తటపటాయించాను. పనంటే కనబడాలనే మనిషి కదా! గొంతు తగ్గించి చెప్పాను. "ఈ వాలుని ఏమీ ముట్టుకోకుండా వదిలేశావు, మంచి పని చేశావు, ఎవరూ చెయ్యి పెట్టినట్టే లేదు అంటోందండి."

కోపం వస్తుందనుకున్నాను. పార కింద పెట్టాడు. వాలు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. మీసం మీదికి చెయ్యి పోయింది.

"మళ్లొక్కసారి చెప్పు."

చెప్పాను. ఇంకోసారి చెప్పించుకున్నాడు. అప్పటికి మేడం ఆవిడతో, "వదిలెయ్యలేదు. ఈయన చేశాడు, మొత్తం ఈయన చెయ్యే" అంది. ఆవిడ నమ్మలేదు. గట్టు దిగి వచ్చి ఈయన మట్టిచెయ్యి పట్టుకుని ఊపింది. మా వైపు ఇది మే నెలలో రోడ్డు పక్కలంతా పూసే కలుపు, పచ్చదే గానీ ఇంత నల్లది ఇంత బాగా ఉండటం చూడలేదు అంది. నేనది కూడా తెలుగు చేశాను.

సాయంత్రం టీకి వచ్చినప్పుడు అటూ ఇటూ చూసి, "చెల్లె, గది ఆడ కలుపు అన్న సంగతి మాత్రం మా ఇంటామెకు చెప్పకు" అన్నాడు.

"మరి పనంటే కనబడాలంటారుగా. మీ పని అసలు కనబడనే లేదటగా?"

"కనబడకుంట చేసుడే అసలు పని. నేనెప్పటి సంది చెప్తున్న, నువ్వినలే" అన్నాడు. ఇంత నిస్సిగ్గు మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ రోజు ఆయన్ని చూస్తే నాకు సొంత అన్నయ్య ఏదో గెలిచొచ్చినంత గర్వమేసింది. ఆ మాట ఆ రోజు చెప్పేశాను కూడా, మస్తు అని ఆయన అడక్కముందే అన్నాను.

ఫోటోలు తీసుకున్నాడు, ఫోన్ నిండా తీసుకున్నాడు. ఇంటికెళ్లాక తీరిగ్గా కూర్చోబెట్టి వాళ్లావిడకి చూపిస్తానన్నాడు. వెళ్లిన మూడోనాడే పోయాడు. ప్రయాణం బడలిక, వచ్చిపోయే చుట్టాలు, ఇంకా ఫోన్ తెరిచి చూపించనే లేదట.

ఆ శుక్రవారం సాయంత్రం అయిదింటికి చేశాను ఫోన్. ఆవిడ తెర మీద కనబడింది. పొద్దున ఆ మాటలు అన్న మనిషి ఈవిడేనా అనిపించేంత నెమ్మదిగా ఉంది. ఫోన్ తిప్పి పట్టుకుని వెనక గుమ్మం దాటాను. పోయినేడు పూసినవాటిల్లో కొన్ని పోయాయి, కొన్ని పక్కన పిలకలేసి మళ్లీ పూశాయి. రాలిన గింజలకి కొత్త మొలకలు వచ్చాయి. వాటిల్లో పచ్చవి ఇప్పుడు నేనే ఏరుతున్నాను, మేడం కూడా నా పక్కన కూర్చుని ఏరుతుంది. గట్టు మీంచి మెల్లిగా నడుస్తూ చూపించాను. గాలి బాగా ఉంది, పూలన్నీ ఒక పక్కకి వాలి లేస్తున్నాయి.

ఆవిడ చూసి చూసి మెల్లిగా, నన్ను నొప్పించకూడదన్నట్టు అంది. "మంచిగనే ఉన్నది చెల్లె. కని... గిది అడివి గదనే. ఎవలు పెట్టినట్టు లేదు. దానంతటదే మొలిసినట్టున్నది. గీంట్ల మా ఆయన చేసిందేమున్నది?"

నేను పెద్ద దానిమ్మ వెనక్కి వెళ్లి ఫోన్ కుండ ముందు పట్టాను. సున్నం బొట్లు కాస్త కరిగాయి గానీ, కళ్లున్నాయి, మీసం ఉంది.

"అయ్యో!" అంది ఆవిడ. "గా మీసం! మా మక్కచేన్ల దిష్టికుండకు సుత గిట్లనే పెడుతుండె. గాయినదే, గాయిన చేతిదే." నవ్వింది, నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి గీ ఆకులన్ని నల్లగనే ఉన్నయేంది చెల్లె?"

"పచ్చవి పీకేసేవారు వదినా. ఈడ నలుపుకే ఇజ్జత్ అనేవారు."

ఏడుపు ఆపుకోలేకపోయింది. తెర అటు తిరిగిపోయింది, వాళ్ల ఇంటి దూలాలు కనబడ్డాయి కాసేపు. మళ్లీ మొహం కనబడ్డాక చెప్పాను.

"వదినా, వినండి. ఇక్కడికి దేశాలు తిరిగినావిడ వచ్చి, మీరిప్పుడన్న మాటే అందండి. ఎవరూ పెట్టినట్టు లేదంది. అలా అనిపించడానికే మీ ఆయన అన్నేళ్లు కష్టపడ్డారు. తాడు కట్టి వరసగా పెట్టడం ఎవరికైనా వస్తుంది. ఎవరూ పెట్టినట్టు లేకుండా పెట్టడం ఈ కొండ మీద ఆయనొక్కరికే వచ్చింది. ఇది మొత్తం, ఆ రాయి దగ్గర్నుంచి ఈ కాలవ దాకా, మీ ఆయన చేసిందే."

ఇంగ్లండులో అది కలుపు అన్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఆవిడ కళ్లు తుడుచుకుని, వెనక ఎవరెవరో చేరినట్టుంది, వాళ్లకి కూడా వినబడేలా ఫోన్ ఎత్తి పట్టుకుంది.

"మళ్లొక్కసారి చెప్పు" అంది.